ఫుప్పు క్యారేజీ

ఫుప్పు పోయిందని ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ వస్తే నేను నమ్మలేదు. ఎలమంచిలిలో ఉండే ఆమె కొడుక్కి ఫోన్ చేసి, నిజమేనా అని రెండుసార్లు అడిగాను. ఏదీ ఒక పట్టాన నమ్మకపోవడం నా గుణం. ఆమెను నమ్మడానికైతే నాకు ఆరేళ్ళు పట్టింది.

ఫుప్పు అంటే మా నాన్నకి అక్క. ఆరేళ్ళ కిందట నాన్న పోయినరోజు పాతూళ్ళోని మా ఇంటికి అందరికంటే ముందు వచ్చింది. అమ్మ గాజులు పగలగొట్టబోతున్న ఆడవాళ్ళని ఆపేసింది.

"తీసి దాచుకోమన్నారు గాని పగలగొట్టమని మన మతంలో, మన దీన్‌లో ఎక్కడుంది? గట్టిగా ఏడవకండి. కళ్ళు ఏడిస్తే సాల్లే."

గాజులన్నీ చేతిరుమాల్లో మూటగట్టి తనతో తీసుకుపోయింది. ఇక అవి తిరిగి రావనుకున్నాను. మూడు రోజులూ మా పొయ్యి వెలిగించనివ్వలేదు. తానే వండి మూడు గిన్నెల క్యారేజీలో తెచ్చి, అమ్మ తినేదాకా గడప మీద కూర్చునేది. అమ్మ ఎంత తింటోందో చూడ్డానికి కూర్చుందని నా అనుమానం.

నలభయ్యో రోజు భోజనాలు వద్దని ఫుప్పు మొదటినుంచీ అంది. మా వీధిలో సగంమంది ఆ రోజు చేస్తారు, సగంమంది అది మతంలో లేదంటారు. లోకం ఏమనుకుంటుందోనని అమ్మ చేసింది. ఫుప్పు వచ్చింది. ముద్ద నోట పెట్టకుండా, బిర్యానీ క్యారేజీలో సర్దించుకుని బయల్దేరింది. నేను వెనకాలే వెళ్ళాను. హార్బర్ బస్టాపు దగ్గర కూర్చున్న, మూటలు మోసే కళాసీలకి మొత్తం పెట్టేసింది.

మా నాన్న పేరున వండిన అన్నం. ఒళ్ళు మండిపోయింది నాకు.

మర్నాడు అదే క్యారేజీ నిండా అన్నం, దాల్చా, వంకాయ వేపుడు తెచ్చింది. తప్పు కప్పిపుచ్చుకోడానికి తెచ్చిందని నేను ముట్టలేదు. ఎందుకలా చేశావని మొహమ్మీదే అడిగాను.

"సావింటోళ్ళకి మనం పెట్టాలి గాని, ఆళ్ళ సేత వండించుకుని తింటామేటే? పెట్టింది వద్దంటే మీయమ్మ మనసు కష్టపడతాది. తింటే నాది కష్టపడతాది. మరేటి సెయ్యమంటావ్ నన్ను?"

జవాబు ముందే తయారుచేసుకుని వచ్చిందనుకున్నాను. భర్త పోయినందుకు అమ్మ పాటించిన నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడువు ముగిశాక రుమాలు మూట తెచ్చి, అమ్మ చేతులకి తానే గాజులు తొడిగింది. నేను లెక్కపెట్టాను. పన్నెండూ ఉన్నాయి. అయినా ఆమె మీద నా చూపు మారలేదు. ఆ విషయం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఫుప్పు పోయిన మూడో రోజు ఆమె ఇంట్లోనే ఉన్నాను. నలభై ఎప్పుడు చేస్తారని చుట్టాలు అడుగుతున్నారు. అంతలో ఫుప్పుకి రోజూ చేపలమ్మే జాలరిపేట ఆమె గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఫుప్పు పాత క్యారేజీ.

"మా ఆయన సముద్రంలో పోయినప్పుడు ఇందులోనే కూడు తెచ్చింది మీ అత్త. తిరిగిత్తానంటే నీ కాడే ఉండనీ అనీది. ఉత్త గిన్నె ఎలాగ తెత్తాను తల్లీ?"

అలవాటు పోదు కదా, అడుగు గిన్నెదాకా మూతలు తీసి చూశాను. అన్నం, చేపల పులుసు, మళ్ళీ అన్నం. ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఆమె గడప మీద కూర్చుంది.

"తినండి. సూసి ఎల్తాను."

నేనూ ఫుప్పు కొడుకూ తిన్నాం. నోట్లో ముద్దతోనే నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ నేను అనుమానించింది ఆ గడప మీద కూర్చోడాన్నే. నలభయ్యో రోజు భోజనాలు పెట్టేది లేదని చుట్టాలకి చెప్పేశాం.

నిన్న మా పక్క వీధిలో ఒకాయన పోయాడు. వాళ్ళతో నాకు పెద్దగా పరిచయం లేదు. ఫుప్పు క్యారేజీ నింపి పట్టుకెళ్ళాను. వాళ్ళ కోడలు నన్ను ఎగాదిగా చూసి, ఒక్కో మూతా తీసి అడుగు గిన్నెదాకా చూసింది. పోయినాయన భార్య మొదటి ముద్ద తినేదాకా గడప మీద కూర్చున్నాను.