పెద్ద బాబా బైనాక్యులర్‌ను నేను పరీక్షించిన వైనం

చివరిసారి మీరు ఒక మాటను నమ్మే ముందు దాన్ని నిజంగా పరీక్షించింది ఎప్పుడు? తొందరేమీ లేదు, ఆలోచించుకోండి. (గుర్తు రాకపోతే మీరు అధిక సంఖ్యాకుల్లో ఉన్నట్టు. అధిక సంఖ్య అంటే నాకు ఏనాడూ గౌరవం లేదు.) ఆ రోజుల్లో నన్నడిగితే మాత్రం ఠక్కున "ఈ ఉదయమే" అనేవాణ్ణి. కాలేజీలో హేతువాద సంఘం చర్చల్లో ముదిరిన గొంతు నాది. వాస్తు, రాహుకాలం, చేతబడి, దిష్టి నిమ్మకాయ, ఏది ఎదురొచ్చినా చీల్చి చెండాడి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. చప్పట్లకు జీతం ఉండదని తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత కువైట్ వచ్చి జహ్రాలో ఒక ఇంట్లో డ్రైవరుగా చేరాను. ఇఖామాలో, అంటే అక్కడి నివాస అనుమతి కార్డులో, డ్రైవర్ అనే రాశారు గానీ, నా లెక్కలో నేను అజ్ఞానం మీద యుద్ధానికి దిగిన సైనికుణ్ణి. స్టీరింగ్ తిప్పడం పొట్టకూటి కోసం.

ఆ ఇంట్లో నాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే నా కఫీల్‌ను చిన్న బాబా అనీ, ఆయన తండ్రిని పెద్ద బాబా అనీ పిలిచేవాళ్లం. పెద్ద బాబాకు డెబ్భై దాటాయి. దళసరి కళ్లద్దాలు, కాస్త వణికే చేతులు, ఎడమ ముంజేతి మీద అరవై ఏళ్లుగా డేగ గోళ్లు దిగిన గుర్తులు. డేగలతో వేట ఆయన ప్రాణం. కువైట్‌లో వాన కురిసేది ఏడాదికి కొన్ని రోజులే. వాన పడితే మనం గొడుగు వెతుక్కుంటాం, వాళ్లు గుడారం వెతుక్కుంటారు. తడిసిన ఎడారిలోకి పిట్టలు దిగుతాయి, వాటి వెనుక డేగలు, డేగల వెనుక ఈ ఇంటి మగవాళ్లంతా. అయితే ఈ కథకు ముందటి చలికాలం ఒక పొరపాటు జరిగింది. ముళ్లపొదకు చిక్కుకుని రెపరెపలాడుతున్న ప్లాస్టిక్ కవర్‌ను చూసి పెద్ద బాబా "అదిగో నా డేగ" అన్నారు. మూడు జీపులు దాని వెంట పరుగెత్తాయి. ఆ రోజు అందరూ నవ్వారు. ఆ మరుసటి ఏడు మాత్రం భోజనాల దగ్గర చిన్న బాబా నవ్వకుండా, మెత్తగానే అన్నాడు: "బాబా, ఈసారి కూడా మీకు డేగ కనిపించకపోతే, వచ్చే ఏటి నుంచి మీరు ఇంట్లోనే ఉండండి. చలి, వాన, పడిపోతే ఎలా?" పెద్ద బాబా అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. నీళ్ల సీసాలు అందిస్తూ నేను అక్కడే ఉన్నాను కాబట్టి చూశాను.

మర్నాడు కారెక్కగానే ఆయన వెనక సీటు వదిలి ముందు సీట్లో కూర్చున్నారు. రహస్యం అని నాకు అర్థమైంది.

"దర్బీల్ కావాలి," అన్నారు. (బైనాక్యులర్‌కు వాళ్ల మాట అది. ఆయన అరబ్బీ, నా అరబ్బీ, మధ్యలో ఇద్దరికీ సగం సగం వచ్చిన హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి చక్కగా మాట్లాడుకున్నట్టుంది.)

"చిన్న బాబాది ఉంది కదా?"

"అది వాడిది. వాడి దగ్గర అడిగి తీసుకుని చూస్తే, చూసింది వాడే అవుతాడు. నాది నాకు కావాలి. మరీ ఖరీదైనది వద్దు, ఈ వయసులో ఎందుకని కొడుకులు నవ్వుతారు. మరీ చవకది వద్దు, వాన పడితే డేగ నవ్వుతుంది. మధ్యరకం. తడిలో పనిచెయ్యాలి. నువ్వు చదువుకున్నవాడివి, చూసి తీసుకురా. యల్లా, బయల్దేరు!"

చదువుకున్నవాడివి అన్న ఒక్క మాటతో నన్ను ఎక్కడికైనా పంపవచ్చు. శుక్రవారం పొద్దున్నే ఫర్వానియా వెళ్లాను. అక్కడ మన తెలుగువాళ్లు ఐదుగురుండే గదిలో సెలవు గడపడం నాకు అలవాటు. ఆ గది పెద్ద దిక్కు రాయచోటి చాచా. గుడారాలు, వేట సామాన్లు అమ్మే దుకాణంలో ఇరవై ఏళ్లుగా సేల్స్‌మన్. నన్ను 'లాయర్ సాబ్' అని పిలిచేవాడు, గౌరవంతో కాదు.

దుకాణంలో బైనాక్యులర్లు మూడు అరల్లో ఉన్నాయి. కింది అరలో ఎర్ర అద్దాలతో మెరిసిపోయేవి, పిల్లల బొమ్మల ధర. పై అరకు తాళం. నడిమి అర మనది. నేను వెంటనే అందులో అన్నిటికన్నా పెద్దదాన్ని పట్టుకున్నాను. పన్నెండు రెట్లు అని రాసి ఉంది.

"ఏంది లాయర్ సాబ్, లావుగా ఉండాదని ఎత్తుకున్యావా? గుమ్మడికాయనుకున్యావా?" అన్నాడు చాచా.

"పన్నెండు రెట్లు పెద్దగా కనిపిస్తుంది చాచా. లెక్క ప్రకారం ఇదే మంచిది."

"మీ బాబాకు చేతులు వణుకుతాయంటివే. వణుకు గూడా పన్నెండు రెట్లు కనపడ్తాది. ఆ ముసలాయన డేగను సూడ్ల్యా, భూకంపం సూసినట్టుంటాది. పెట్టు దాన్ని. ఇదిగో, ఎనిమిది రెట్లది. ముందు అద్దం వెడల్పు సూడు, మబ్బులోనూ వెలుగు వస్తాది. కంటి కాడ రబ్బరు వెనక్కి మడిస్తే కళ్లద్దాలతోనే సూడొచ్చు. బరువు తక్కువ. లోపల గ్యాసు నింపి సీలు ఏసినారు. వానలో ముంచినా లోపల ఆవిరి పట్టదు."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "గ్యాసా? ఏది, చూపించు."

"గ్యాసును యాడ నుంచి సూపేది? కనపడదు."

"వాసన?"

"రాదు."

"చప్పుడు?"

"అరె, గ్యాసు అబ్బా! నైట్రోజన్. కంపెనీవోళ్లు అట్టపెట్టె మీద రాసినారు గదా."

"కనపడదు, వినపడదు, వాసన లేదు, కానీ లోపల కూర్చుని మనల్ని కాపాడుతుంది. చాచా, ఇలాంటి కథలు చెప్పినవాళ్లను నేను వేదికల మీద ఏడిపించాను. రాసి ఉందని నమ్మేస్తామా? అయితే తాయెత్తుల మీద కూడా రాసే ఉంటుంది."

"కంపెనీ గ్యాసు సంగతేమో గానీ, నువ్వు కొట్టే గ్యాసు మాత్రం షాపంతా నిండిపాయ. తీసుకుంటావా, లేదా?"

తీసుకున్నాను. చాచా చెప్పిన ఎనిమిది రెట్లదే. ఇంతవరకూ నేను చేసింది మంచి పనే అని గమనించండి. వణికే చేతికి తక్కువ రెట్లు, మబ్బుకు వెడల్పాటి అద్దం, కళ్లద్దాలకు మడిచే రబ్బరు, వానకు సీలు. మధ్యరకం ధరలో ఇంతకన్నా మంచి వస్తువు ఆ ఊళ్లో దొరకదు. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మధ్యాహ్నం చాచా జుమ్మా నమాజుకు వెళ్లాడు. మిగతావాళ్లు నిద్రపోతున్నారు. గదిలో ఒకడు గడియారాలు బాగు చేసేవాడు, వాడి సన్నని స్క్రూడ్రైవర్ల డబ్బా కిటికీలో ఉంది. నేను మంచం మీద బైనాక్యులర్‌ను పెట్టుకుని కూర్చున్నాను. ప్రజల సొమ్ము, క్షమించాలి, బాబా సొమ్ము పెట్టి కొన్న వస్తువులో ఉందని చెప్పినది నిజంగా ఉందో లేదో తేల్చడం నా బాధ్యత అనిపించింది. ముందు అద్దం చుట్టూ ఉన్న రింగును మెల్లగా తిప్పాను. అది మొరాయించింది. (వస్తువులకు నాకన్నా ఎక్కువ తెలివి ఉంటుందని అప్పటికి తెలియదు.) ఇంకాస్త బలం పెట్టాను. వచ్చేసింది. చెవి ఆనించి విన్నాను, బుస్సుమనలేదు. ముక్కు పెట్టాను, రబ్బరు వాసన. అప్పుడు హైస్కూలు సైన్సు గుర్తొచ్చింది: నైట్రోజన్‌లో మంట ఆరిపోవాలి. అగ్గిపుల్ల గీసి గొట్టం మూతి దగ్గర పెట్టాను. టప్పున ఆరిపోయింది! ఒక్క క్షణం ఓడిపోయాననుకున్నాను. అంతలో తల మీద ఏసీ రయ్యిమని వీస్తోందని గమనించాను. ఏసీ ఆపి మళ్లీ గీశాను. ఈసారి వేలు కాలేదాకా వెలిగింది. ఇంకేం, గ్యాసు లేదని తేలింది! ఉన్న గ్యాసు కాస్తా నేను మూత తీసినప్పుడే గదిలో కలిసిపోయి ఉంటుందన్న చిన్న ఆలోచన, అన్ని మూఢనమ్మకాలనూ తరిమికొట్టిన ఆ బుర్రలోకి రానే లేదు. రింగు బిగించి, అద్దం తుడిచి, పెట్టెలో పెట్టి, విజేతలా బిర్యానీ కోసం ఎదురుచూశాను.

వారం తర్వాత పడమటి ఎడారిలో గుడారం. వేటకు అనుమతి ఉన్న చోటే. తెల్లవారుజామున మొదలైన చినుకులు ఆగలేదు. జీపులో హీటర్ వేసుకుని పెద్ద బాబా తన కొత్త దర్బీల్‌ను జుబ్బాలో దాచుకుని కూర్చున్నారు. పెళ్లికొడుకు ఉంగరం చూసుకున్నట్టు మధ్యమధ్యలో తీసి చూసుకుంటున్నారు. చిన్న బాబా డేగ తల మీది తోలు టోపీ తీసి వదిలాడు. అది నేలబారుగా వెళ్లి, పైకి లేచి, ఒక పిట్టను తరుముతూ చినుకుల్లో కలిసిపోయింది. ఎక్కడో దిగింది. ఎక్కడన్నది ఎవరికీ తెలియదు. తడిసిన డేగకు సరిగ్గా ఎగరడం చేతకాదు, నేల మీద ఎక్కువసేపు ఉంటే నక్కల పాలు. అందరూ జీపులు దిగారు. పెద్ద బాబా కూడా దిగి, కొడుకుల ముందు నిలబడి, ఠీవిగా దర్బీల్ తీసి కళ్లకు పెట్టుకున్నారు.

ఒక నిమిషం చూశారు. దించి పై అద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. తన కళ్లద్దాలు తుడుచుకున్నారు. మళ్లీ చూశారు.

"ఏమైనా కనిపిస్తోందా, బాబా?" చిన్న బాబా అడిగాడు.

"మాకో," అన్నారు పెద్దాయన. ఏమీ లేదని. ఆ గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "అంతా తెల్లగా ఉంది. పొగలా. నా కళ్లే..."

కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిన్న బాబా తండ్రి భుజం మీద చెయ్యేశాడు. "ఖలాస్, బాబా. ఇక చాలు. పదండి, జీపులో కూర్చోండి."

ఆయన జీపు వైపు తిరిగారు. పట్టుకోమని దర్బీల్ నాకిచ్చారు. నేను దాన్ని కళ్లకు పెట్టుకున్నాను. నా పాతికేళ్ల కళ్లకు కూడా అంతా తెల్లగానే ఉంది. పై అద్దం పొడిగానే ఉంది. ఆవిరి లోపలి వైపు పట్టింది. నేను లోపలికి పంపిన ఫర్వానియా గది గాలి, నిద్రపోతున్నవాళ్ల ఊపిరి తేమతో సహా, వెచ్చని జీపులోంచి చలిలోకి రాగానే అద్దానికి లోపలినుంచి అంటుకుపోయింది.

నేను పాల్గొన్న చర్చల్లో అతి చిన్నది అప్పుడు నాలోనే జరిగింది. నోరు మూసుకుంటే నాకేమీ కాదు. నేరం ముసలితనం మీదికి పోతుంది, ముసలితనం ఎదురు చెప్పదు. నోరు తెరిస్తే ఉద్యోగం, ఇఖామా, విమానం టికెట్టు, అన్నీ గాల్లో. ప్రత్యర్థి పక్షం వాదన చాలా బలంగా ఉంది. ఒక్కటే దాని లోపం: అది అబద్ధం.

"చిన్న బాబా!" అన్నాను. అరిచాననే చెప్పాలి. "ఆయన కళ్లది కాదు. నేనే పాడుచేశాను. లోపల గ్యాసు ఉందో లేదోనని మూత విప్పి చూశాను."

చిన్న బాబా నా వైపు రెండడుగులు వేశాడు. "విప్పావా? ఎందుకు?"

"నాకు కనిపించలేదని."

ఆ జవాబు అంత తెలివితక్కువగా ఉంటుందని నోట్లోంచి బయటికి వచ్చేదాకా నాకు తెలియదు. చిన్న బాబా నన్ను ఏం చేసేవాడో గానీ, జీపు దగ్గర పెద్ద బాబా ఒక్క ఉదుటున ఇటు తిరిగారు. ముఖంలో కోపం లేదు. అచ్చం తన శిక్ష రద్దయిందని విన్న ఖైదీ ముఖం.

"అయితే నా కళ్లు బాగున్నాయా?"

"బాగున్నాయి బాబా. నాకూ తెల్లగానే ఉంది, చూడండి!"

ఆయన కొడుకు మెడలోని ఖరీదైన దర్బీల్‌ను అడక్కుండానే లాక్కున్నారు. ఆకాశం వైపు చూడలేదు. నేలను ఎడమ నుంచి కుడికి మెల్లగా, అంగుళం అంగుళం చూసుకుంటూ వచ్చారు. ఒకచోట ఆగారు. "అక్కడ చిన్న పిట్టలు లేచిపోతున్నాయి. దేన్నో చూసి భయపడ్డాయి. ఆ పొద కింద. షూఫ్!" చూడమని చెయ్యి చాచారు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది, కానీ చూపించింది సరైన చోటే. డేగ అక్కడే, తడిసి ముద్దై, తన వేట మీద రెక్కలు కప్పుకుని కూర్చుంది.

సాయంత్రం గుడారంలో టీ తాగుతూ చిన్న బాబా తండ్రి వైపు చూడకుండా, కెటిల్‌తో మాట్లాడుతున్నట్టుగా అన్నాడు: "వచ్చే ఏడు గుడారం కొంచెం ఎత్తులో వేద్దాం. బాబాకు అంతా కనిపిస్తుంది." నన్ను పంపించేయలేదు. "నిజం చెప్పే డ్రైవర్ కారు తగిలించినా చెబుతాడు," అని పెద్ద బాబా నా తరఫున వాదించారట. నా వాదనలన్నిటికన్నా అది గట్టిది. చాచా మాత్రం సంగతి విని పది నిమిషాలు నవ్వి, "నీ పెండ్లయితే అత్తగారింట్లో కుక్కర్ మూత నువ్వు తియ్యాకు నాయనా," అన్నాడు.

ఇప్పుడు తలకు రంగేసుకునే వయసొచ్చి, అగ్గిపుల్ల పట్టుకుని సత్యం కోసం కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దొస్తాడు కూడా. పరీక్షించడం వాడి తప్పు కాదు. ఈ రోజుకీ పరీక్షించమనే రాస్తున్నాను. కానీ వాడు లోకం మీద చేసిన వంద ఉపన్యాసాల కంటే, తన మీద తాను చెప్పిన ఆ ఒక్క ముక్కే ఒక మనిషికి పనికొచ్చింది. మీ చుట్టూ కూడా ఒకరుంటారు. మీరు చేసిన పొరపాటుకు తన కళ్లనో, చేతులనో, బుర్రనో నిందించుకుంటూ, మెల్లగా ఒక మూలకు జరిగి కూర్చున్నవారు. అమ్మ కావచ్చు, కొత్తగా చేరిన పనివాడు కావచ్చు, మీ దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్ల కావచ్చు. ఈ పేజీ మూసేయండి. ఇప్పుడే వాళ్ల దగ్గరికి వెళ్లి, నలుగురి ముందూ, గొంతు తగ్గించకుండా చెప్పండి: "లోపం నీది కాదు. చేసింది నేను."