చిన్నోడి మాన్యువల్ పేజీ

నల్లటి తెర మీద ఒకే ఒక్క వరుస వచ్చింది. ‘నో మాన్యువల్ ఎంట్రీ ఫర్ చిన్నోడు.’ ఆ పేరుతో మాన్యువల్ పేజీ ఏదీ లేదని దానర్థం. శనివారం సాయంత్రం, ఆరు దాటింది. కింద పిల్లలిద్దరూ ఒక్క సైకిల్ కోసం పోట్లాడుకుంటున్నారు. వంటింట్లో అత్తమ్మ చింతపండు పిసుకుతోంది.

ఇలాంటి వరుసలు నా ఉద్యోగంలో రోజూ చూస్తాను. చెన్నై షోళింగనల్లూరులో, లైనక్స్ మీద నడిచే సర్వర్లు చూసుకునే పని నాది. లైనక్స్‌లో ఏ కమాండ్ ఎలా వాడాలో తెలియకపోతే, ‘మ్యాన్’ అని కొట్టి పక్కన ఆ కమాండ్ పేరు కొడితే దాని పేజీ తెరుచుకుంటుంది. ఆ పేజీలన్నిటికీ ఒకటే కట్టు. మొదట పేరు, తర్వాత వాడే పద్ధతి, వివరం, ఆప్షన్లు, ‘బగ్స్’ అని తెలిసిన లోపాలు, చివర రాసినవారి పేరు. పేజీ లేకపోతే లేదని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటుంది. ఎవరి సిస్టంలోనో ఆ ముక్క కనిపిస్తే నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇది మా ఇంటి ల్యాప్‌టాప్. లేదన్న పేజీ మావారు మా అబ్బాయి గురించి రాసింది.

మేమిద్దరం ఒకే ఆఫీసులో ఒకే టీంలో ఉండేవాళ్ళం. ఎవరేమడిగినా ఆయన ముందు “పేజీ చదివారా?” అని అడిగేవారు. నన్నూ అలాగే అడిగి, నా చేత తిట్లు తిని, ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసుకున్నారు. పాప పుట్టాక నాకు అన్నీ భయాలే. ఎక్కిళ్ళొస్తే భయం, రాకపోతే భయం. ఆఫీసులో ఉన్న మనిషికి పూటకు పదిసార్లు ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, “ఇకమీదట ముందు పేజీ చదివి, తర్వాత ఫోన్ చెయ్యి” అన్నారు. పాప పేరు మీద నిజంగానే ఒక పేజీ రాశారు, తెలుగులో, ఆ కట్టు ఎక్కడా తప్పకుండా. ‘పెద్దది: పాలు తాగి, ఏడ్చి, మళ్ళీ పాలు తాగునది.’ బగ్స్ కింద, ‘తాగిన పాలు ఎత్తుకున్నవారి చొక్కా మీద తిరిగి ఇస్తుంది. దీనికి పరిష్కారం రాసినవాడికి తెలియదు’ అని ఉంది.

తర్వాత చారు గురించి ఒకటి, గీజర్ గురించి ఒకటి, ఆయన రావడం ఆలస్యమైతే నేనేం చెయ్యాలో ఒకటి రాశారు. బాబు ఎనిమిది నెలలవాడైనప్పుడు ‘చిన్నోడు’ రాశారు. వాడికి ఏడాదిన్నర నిండేసరికి, జ్వరమని ఆసుపత్రిలో చేరిన మనిషి పదకొండో రోజున లేకుండా పోయారు.

ఇప్పుడు పాపకి ఏడేళ్ళు, వాడికి నాలుగు. పాపకి నాన్న గుర్తున్నాడు. వాడికి లేడు. ఫొటోలున్నాయి, రెండు వీడియోలున్నాయి, కానీ వాటిలో నాన్న పెళ్ళిలోనో పండగలోనో అందరితో ఉంటాడు. వాడొక్కడి గురించి వాళ్ళ నాన్న చెప్పిన మాటలు ఆ పేజీలోనే ఉన్నాయి. అందుకే ఆదివారం ఇడ్లీలు తినగానే ఇద్దరూ మంచమెక్కి కూర్చుంటారు. ఎవరి పేరు వాళ్ళు కొట్టుకుంటారు, నేను చదువుతాను. ‘ఎడమ భుజం మీద వేసుకుంటే నిద్రపోతాడు. కుడి భుజం మీద వేసుకుంటే కబుర్లు చెబుతాడు’ అన్న చోటికి రాగానే వాడు నా ఎడమ భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకుంటాడు. నిద్ర నటిస్తూ నోరు మాత్రం నవ్వుతూ ఉంటుంది. ‘బగ్స్: రాత్రి రెండింటికి నవ్వుతాడు. కారణం తెలియదు. సరిచేయనక్కరలేదు.’

తెల్లవారితే ఆదివారం.

ముందు స్పెల్లింగ్ చూసుకున్నాను. సరిగానే కొట్టాను. మ్యాన్ కమాండే చెడిందేమోనని మామూలు కమాండ్ ఒకదాని పేజీ అడిగాను, చక్కగా వచ్చింది. పేజీల కోసం అది ఏయే ఫోల్డర్లలో వెతుకుతోందో అడిగాను. జాబితాలో మొదటి వరుసలోనే ఆయన వాడే ఫోల్డర్ ఉంది. ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి చూశాను. ఖాళీ.

అప్పుడర్థమైంది. ముందురోజు శుక్రవారం నేను ఆ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మొత్తం తీసేసి కొత్తది ఎక్కించాను. పాతదానికి అప్‌డేట్లు ఆగిపోయాయి, పాప బడి పనులకి నత్తలా నడుస్తోంది. ఈ పని ఆఫీసులో వందసార్లు చేశాను. మనుషుల ఫైళ్ళుండే భాగాన్ని ముట్టుకోకుండా సిస్టం భాగాన్ని మాత్రం చెరిపి మళ్ళీ రాయాలి. అలాగే చేశాను. ఆయన ఫొటోలు, పాటలు, ఉత్తరాలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయని రెండుసార్లు చూసుకుని నిశ్చింతగా పడుకున్నాను.

కానీ ఆయన పేజీలు తన సొంత ఫోల్డర్‌లో పెట్టుకునే మనిషి కాదు. టీంలో నేను ఏ చిన్న ప్రోగ్రాం రాసి నా ఫోల్డర్‌లో దాచుకున్నా, “ఎవరికి వాళ్ళు దాచుకుంటే మిగతావాళ్ళకెలా దొరుకుతుంది? అందరూ చదివేది అందరికీ అందేచోట పెట్టాలి” అని క్లాసు పీకేవారు. ఇంట్లో రాసిన పేజీలకి లైనక్స్ పెద్దలు ఎప్పుడో ఒక చోటు కేటాయించారు. ఆ చోటు సిస్టం భాగంలో ఉంటుంది. ఆయన పద్ధతిగా అక్కడే పెట్టారు. నేను పద్ధతిగా చెరిపేశాను. పద్ధతి తెలియని మనిషి డెస్క్‌టాప్ మీద ఎక్కడో పడేసి ఉంటే ఈపాటికి అవి నా కళ్ళముందు ఉండేవి.

గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన అత్తమ్మ నా మొహం చూసి ఆగిపోయింది.

“ఏందమ్మా, అట్ల కూర్చోనుండావు?”

“చిన్నోడి పేజీ పోయింది అత్తమ్మా.”

“పోవడం ఏంది. ఆడనే యాడన్నా ఉంటాది. నిదానంగా చూడు మా.”

“నేనే తుడిచేశాను. నిన్న.”

ఆమె మద్రాసులో పుట్టి పెరిగిన మనిషి. ఇంగ్లీషు చదవడం రాదు, తెరంటే ఇష్టం లేదు. కానీ ఆదివారం పేజీల వేళకి వంటింటి పని వదిలి వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడుతుంది. కొడుకు మాటలు వినడానికి ఆమెకీ అదొక్కటే చోటు. ఆమె గొంతు తగ్గించి, “బిడ్డకి చెప్పబాక. ముందు ఎతుకు” అని లోపలికి వెళ్ళింది.

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి ఫోన్ చేశాను. గుంటూరు నుంచి వచ్చి రెండేళ్ళయింది, డిస్కుల పని నాకన్నా బాగా తెలుసు.

“మ్యాన్ పేజీలేగా అక్కా. ప్యాకేజీ మళ్ళీ ఎక్కిస్తే అవే వస్తాయి. సోమవారం మేనేజర్ ముందు పడాల్సిన కంగారంతా ఇవాళే పడిపోతున్నావేంటి?”

“ప్యాకేజీలో వచ్చినవి కాదు. మా ఆయన రాసినవి.”

అవతల టీవీ చప్పుడు ఆగింది.

“చెరిపాక దాని మీద ఇంకేమన్నా ఎక్కించావా?”

“అప్‌డేట్లన్నీ ఎక్కించాను.”

“కొత్త రకం డిస్కేనా?”

“కొత్తదే. చెరిపిన చోటు వెంటనే శుభ్రం చేసుకునే రకం.”

“అక్కా, ప్రయత్నిద్దాం. నేను లైన్లోనే ఉంటాను. కానీ ఆశ పెట్టుకోకు.”

పెన్‌డ్రైవ్ నుంచి వేరే సిస్టం లేపి, ఆమె చెప్పినట్టల్లా వెతికాను. పిల్లలు పైకొచ్చి, తిని, పడుకున్నారు. డిస్క్‌లో ఆ చోటంతా సున్నాలే, చదవడానికి ఏమీ మిగల్లేదు. “సారీ అక్కా” అని ఆమె రెండుసార్లు అంది. ఆమె తప్పేముంది.

ఆ తర్వాత ఆయన బీరువా సొరుగులో ఒక పాత పెన్‌డ్రైవ్ దొరికింది. అందులో ‘పేజీలు’ అని ఒక ఫోల్డర్ ఉంది. తెరవకముందే లేచి నీళ్ళు తాగి వచ్చాను. నాలుగు ఫైళ్ళున్నాయి. పెద్దది, చారు, గీజర్, ఆలస్యం. తేదీ చూస్తే చిన్నోడు పుట్టకముందుది. ఐదోది లేదు. నాలుగే అని తెలిసీ ఆ ఫోల్డర్‌ని మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాను.

పాప పేజీ తెరిస్తే అదీ సరిగా రాలేదు. భాష సెట్టింగ్ కుదరలేదని పైన ఒక హెచ్చరిక, కింద ఇంగ్లీషు శీర్షికలు మాత్రం వరుసగా ఉన్నాయి. ప్రతి శీర్షిక కిందా తెలుగు ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ. ఒక్క క్షణం అవీ పోయాయనుకున్నాను. కాదు, కొత్త సిస్టంలో తెలుగు అక్షరాలు చూపించే అమరిక నేను చెయ్యలేదు. అది సరిచేసి మళ్ళీ తెరిచాను. ఒత్తులు అక్కడక్కడ పక్కకి జరిగి, ఆయన మాటలు తెర నిండా వచ్చాయి. ఒత్తులు జరుగుతున్నాయని అప్పట్లో నేనంటే, “చదివేవాళ్ళకి మనసుంటే జరిగిన ఒత్తు అడ్డం కాదు” అన్నారు.

‘ఆలస్యం’ పేజీ నాకోసం రాసింది. ‘రాసినవాడు తొమ్మిదికి రాకపోతే, క్యాబ్ ట్రాఫిక్‌లో ఉంది. తొమ్మిదిన్నరకి రాకపోతే, అదే క్యాబ్ అదే ట్రాఫిక్‌లో ఉంది. బగ్స్: చదివే మనిషి ఇది చదవకముందే ఫోన్ చేస్తుంది.’ ఆయన పోయినప్పటి నుంచి ఈ పేజీ జోలికి వెళ్ళలేదు. ఇప్పుడు చదివితే ఏడుపు రాలేదు. ఫోన్ చెయ్యాలనిపించింది. చెయ్యి నిజంగానే ఫోన్ వైపు వెళ్ళింది.

అత్తమ్మ పడుకోలేదు. పక్కకొచ్చి కూర్చుని, “చారుది చదువు” అంది. చదివాను. ‘ఈ పేజీలోని కొలతలు నమ్మకండి. అమ్మను అడగండి.’

“కొలతలు నేనెప్పుడు చెప్పినా పట్టించుకున్నాడా వాడు” అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. “చిన్నోడిది నీకు నోటికొచ్చు గదా మా. నువ్వే రాసెయ్యి. కింద వాళ్ళ నాయన పేరు పెట్టెయ్యి. అవ్వళవుదాన్, అంతే, పని అయిపోయింది. నాలుగేండ్ల బిడ్డకి ఏం తెలుస్తాది?”

అదే మాట నా మనసులో అప్పటికి గంట నుంచి తిరుగుతోంది.

ఆమె వెళ్ళాక రాయడం మొదలుపెట్టాను. పేరు వచ్చింది. భుజాలు వచ్చాయి, బగ్స్ వచ్చాయి. ‘వివరం’ కింద మూడు వాక్యాలుండేవి. రెండు వచ్చాయి. మూడోది చిన్నోడు నవ్వే తీరు గురించి, ఎంత తవ్వుకున్నా రాలేదు. ప్రతి ఆదివారం నా నోటితో చదివినదే. పెదవులకి తెలిసినట్టే ఉంటుంది, మాట అందదు. చివరికి ఒకటి కల్పించి రాశాను. ‘నవ్వేటప్పుడు ముందు కాళ్ళు నవ్వుతాయి, తర్వాత నోరు.’ చదువుకుంటే అచ్చం ఆయన రాసినట్టే ఉంది.

అక్కడే భయమేసింది. ఇంత సులువుగా ఆయనలా రాయగలిగితే, ఇంకో నెలకి ఏది ఆయనదో ఏది నాదో నాకే తెలియదు. పదేళ్ళకి వాడు “నాన్న నా గురించి ఇలా అన్నాడు” అని ఎవరికో చెప్పుకునే మాట నేను ఒక రాత్రి నిద్రమత్తులో కల్పించినదవుతుంది. వాడికి వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చినవే కొద్ది. అందులోకి నాది కలపడానికి నాకేం హక్కుంది?

రాసినవారి పేరు దగ్గర ఆయన పేరు కొట్టాను. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అన్ని ఫారాల్లోనూ, అన్ని కార్డుల్లోనూ ఆ పేరు కొట్టేయించుకుంటూ వస్తున్నాను ఇన్నాళ్ళుగా. ఇంట్లో ఒక చోట కొత్తగా ఆ పేరు రాసే అవకాశం వస్తే వేళ్ళు వదలడం లేదు. చెరిపి నా పేరు రాశాను. కాళ్ళు నవ్వడం తీసేసి, ‘ఇక్కడ ఇంకో వాక్యం ఉండేది’ అని పెట్టాను.

పొద్దున ఇడ్లీలయ్యాక ఇద్దరూ మంచమెక్కారు. పాప తన పేరు కొట్టింది, తన పేజీ వచ్చింది, చొక్కా మీద పాల దగ్గర ఎప్పటిలాగే నవ్వింది. అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి నా వైపు చూస్తూ, వద్దన్నట్టు తల ఊపుతోంది. చిన్నోడు కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. కొట్టనివ్వకుండా వాడి చేతుల మీద నా చెయ్యి వేశాను.

“నీ పేజీ నాన్న రాసింది ఇప్పుడు లేదురా. నేను పొరపాటున చెరిపేశాను. నాకు గుర్తున్నంత వరకు నేను రాశాను. కింద నా పేరే ఉంటుంది.”

వాడు నా చెయ్యి కింది నుంచి చేతులు లాక్కున్నాడు.

“నాన్నని మళ్ళీ రాయమను.”

“నాన్న రాయలేడు నాన్నా. నాన్న గురించి నీకేం కావాలన్నా నన్నడుగు. నాకు తెలిసింది చెబుతాను. తెలియకపోతే తెలియదని చెబుతాను.”