బోర్డమ్మ అడగని డ్యూటీ

మా వదిన పనిచేసిన గదికి కిటికీ లేదు. విమానాల కంపెనీలో ఉద్యోగం కాబట్టి ఆవిడ రోజంతా ఆకాశం చూస్తూ కూర్చుంటుందని చుట్టాలందరూ అనుకునేవారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆవిడ విమానం ఎక్కింది రెండేసార్లు. రెండుసార్లూ కళ్లు గట్టిగా మూసుకుని, దిగాకే తెరిచింది.

నేను అదే కంపెనీలో స్టీవార్డుని. అంటే గాలిలో కాఫీ ట్రాలీ తోసేవాడిని. మా అన్నయ్య హ్యాంగరులో మెకానిక్కు. వదిన టైపిస్టుగా చేరింది. మా అన్నయ్య ఏదో ఉత్తరం టైపు చేయించుకోవాలనే వంకతో వెళ్లి, ఆ ఉత్తరం మీద గ్రీజు వేలిముద్రలు వేసి, ఆవిడ చేత చీవాట్లు తిన్నాడు. ఏడాది తిరిగేసరికి పెళ్లయింది. ఆ చీవాట్లు ఆ తర్వాత కూడా ఆగలేదు గానీ, అది వేరే కథ.

అప్పట్లో మా కంపెనీకి తొమ్మిది విమానాలుండేవి. వాటిలో ఒకటి ఎంత నిదానమంటే, ఒకసారి ఎదురుగాలిలో ఒక గద్ద మమ్మల్ని దాటిపోయింది. దాటిపోతూ వెనక్కి తిరిగి చూసింది కూడా. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ గద్ద ఇప్పుడు లేదు కాబట్టి సాక్ష్యం చెప్పించలేను.

వదినను టైపు మిషను దగ్గర్నుంచి రోస్టరు గదికి మార్చారు. ఏ విమానానికి ఏ పైలట్లు, ఏ సిబ్బంది వెళ్లాలో రాసిపెట్టే గది అది. అంతకుముందు ఆ పని పెద్ద పెద్ద కాగితాల మీద పెన్సిల్‌తో చేసేవారు. చెరిపి చెరిపి కాగితాలకు చిల్లులు పడేవి. వదిన వారం రోజులు చూసింది. ఇంజన్లు వచ్చిన చెక్కపెట్టెల మూతలు తెప్పించి, వడ్రంగితో గోడంత బోర్డు చేయించింది. నెలలో ప్రతి రోజుకీ ఒక నిలువు వరస, ప్రతి విమానానికీ ఒక అడ్డ వరస, గడి గడికీ కొక్కేలు. మా అన్నయ్య పాత రేకులు కత్తిరించి బిళ్లలు చేసిచ్చాడు. కెప్టెన్లకు నీలం, కో పైలట్లకు తెలుపు, మాలాంటి ట్రాలీగాళ్లకు పసుపు. ఆ బోర్డు వచ్చిన నెలలోనే వదిన పేరు పోయింది. కెప్టెన్ల దగ్గర్నుంచి స్వీపర్ల దాకా అందరికీ ఆవిడ బోర్డమ్మే.

ఇంతకీ ఆవిడ గొప్పతనం బోర్డులో లేదు, ఫోనులో ఉంది.

ఎవరికో జ్వరం వస్తుంది. ఎవరి కారో దారిలో ఆగిపోతుంది. అప్పుడు సెలవు రోజున ఇంట్లో ఉన్న ఇంకెవరినైనా పిలవాలి. వేరే కంపెనీల్లో అయితే, "ఫలానా విమానం, ఫలానా టైము, వస్తారా రారా?" అని అడుగుతారు. వదిన అలా అడిగేది కాదు. ఫోను చేసి, "ఇంట్లో ఏం నడుస్తోంది?" అనేది. అవతలివాళ్లు, "పాపకు పరీక్షలమ్మా, లెక్కలు చెబుతున్నాను" అన్నారనుకోండి, ఆ పాప ఏ క్లాసో, లెక్కల్లో ఏది కష్టమో కనుక్కుని, "ఊరికే చేశానులెండి" అని పెట్టేసేది. విమానం మాటే ఎత్తేది కాదు. మూడో ఫోనుకో నాలుగో ఫోనుకో, "ఏముందమ్మా, గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను" అనేవాడు ఒకడు దొరికేవాడు. అప్పుడు మాత్రం, "అయితే ఆ గోళ్లు తీసుకుని ఐదింటికల్లా వచ్చేయండి" అనేది.

నేను మరిదిని కదా అని నాకేమీ దయ చూపించలేదు. పైగా నేను గోళ్లు గిల్లుకుంటున్నానో లేదో అన్నయ్యను అడిగి తెలుసుకునేది. ఒకసారి కడుపునొప్పి అని చెప్పాను.

"ఏ వైపు మరిదీ?" అంది.

"ఎడమ వైపు వదినా."

"ఇందాక మీ అన్నయ్యకు కుడి వైపని చెప్పావట. నొప్పి కూడా విమానం ఎక్కి తిరుగుతోందా? నీ బిళ్ల రేపు పొద్దున ఫ్లయిటుకి తగిలించాను. రెండు వైపులూ తీసుకుని రా."

అని కళ్లజోడు పైనుంచి చూసింది. మా కాన్వెంటులో లెక్కల సిస్టరు కూడా సరిగ్గా అలాగే చూసేది. ఆ చూపు ముందు నేను ఏనాడూ గెలవలేదు.

ఇలా పందొమ్మిదేళ్లు గడిచాయి. ఆ తర్వాత మా ఆకాశంలోకి ఇంకో కంపెనీ వచ్చింది. బస్సు టిక్కెట్టు ధరకే విమానం అంది. మావాళ్లు కంగారుపడి ఒకేసారి పద్నాలుగు కొత్త విమానాలు కొన్నారు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, విమానాలైతే వచ్చాయి గానీ వాటిని నడిపేవాళ్లు రాలేదు. పైలట్‌ను తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది. విమానాన్ని కొనడానికి ఒక సంతకం చాలు. దాంతో ఉన్నవాళ్ల సెలవు రోజులే కంపెనీకి పెట్టుబడి అయిపోయాయి. నెలకు ఎనిమిది సెలవులుండాలి, ముగ్గురు నలుగురికి తప్ప ఎవరికీ నాలుగుకు మించి మిగిలేవి కావు. ఇంధనం ధర పెరిగిన కొద్దీ విమానాలు నేల మీద నిలబడే సమయం తగ్గించారు. బోర్డు మీద ఒకే పేరున్న నీలం బిళ్లలు రోజుకు రెండేసి కొక్కేలకు వేలాడడం మొదలుపెట్టాయి. వదిన ఫోను చేస్తే ఎవరింట్లోనూ ఏమీ నడవడం లేదు. అందరూ పడుకునే ఉంటున్నారు.

చివరికి పైలట్లు కూడబలుక్కున్నారు. సమ్మె లేదు, జెండాలు లేవు. రోస్టరులో ఉన్న డ్యూటీ చేస్తాం, సెలవు రోజున పిలిస్తే మాత్రం రాం. అంతే. వీళ్లకు నాయకుడు మీసాల కెప్టెన్. మాటకు ముందు మీసం, మాట తర్వాత దగ్గు. మంచివాడు.

ఆ సోమవారం మధ్యాహ్నం నేను రోస్టరు గదిలోనే ఉన్నాను, ఒక డ్యూటీ మార్పించుకుందామని బతిమాలుతూ. ఆపరేషన్స్ మేనేజర్ లోపలికి వచ్చాడు. ఆయన చొక్కా మీద ఒక్క ముడత కూడా కనబడేది కాదు కాబట్టి అందరం ఇస్త్రీ అనేవాళ్లం. చేతిలో కాగితం. మంగళవారం పొద్దున ఆరు విమానాలకు మనుషులు లేరు. పన్నెండు మంది పైలట్లు కావాలి.

"మీరు చేయండి," అన్నాడు వదినతో. "పందొమ్మిదేళ్ల రికార్డు తీయించాను. మీరు అడిగితే కాదన్నవాడు ఒక్కడూ లేడు. ఒక్కడూ!"

"కాదనేవాళ్లని నేను అడగలేదు సార్. అందుకే లేరు."

ఆయనకు ఆ మాట ఎక్కలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పక్క టేబుళ్ల దగ్గరున్న అమ్మాయిలకు వినపడకుండా గొంతు తగ్గించాడు. వచ్చే ఏడాది రోస్టరు పని మొత్తం వేరే ఊరిలో కంప్యూటర్లున్న ఒక సంస్థకు అప్పగించాలని పైవాళ్లు ఆలోచిస్తున్నారట. రేపటి ఆరు విమానాలు ఎగిరితే, ఈ గది లేనిదే కంపెనీ లేదని ఆయన పైకి రాస్తాడట. గది ఉంటుంది. వదిన ఉంటుంది. ఆవిడ కింద పనిచేసే నలుగురు అమ్మాయిలూ ఉంటారు. ఎగరకపోతే ఆయన చేసేదేమీ లేదు.

వదిన ఒక నిమిషం బోర్డు వైపు చూసింది. ఫోను తీసి మీసాల కెప్టెన్‌కి కలిపింది. గది చిన్నది, ఆయన గొంతు పెద్దది. నాకు ప్రతి మాటా వినిపించింది.

"ఇంట్లో ఏం నడుస్తోంది?"

ఆయన ఏ సాకైనా చెప్పొచ్చు. ఏ పాపకో పరీక్షలని చెప్పొచ్చు. మామగారికి ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. వదిన వెంటనే పెట్టేసేది. ఆయన దగ్గి, "ఏమీ లేదమ్మా. ఖాళీగానే ఉన్నాను" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఇక ఆవిడ అడిగితే కాదనలేడు. పొద్దున్నే టోపీ పెట్టుకుని వచ్చేస్తాడు. ఆయన వస్తే మిగతా పదకొండు మందీ వస్తారు. ఆ తర్వాత తోటివాళ్ల ముఖం ఆయన ఎలా చూస్తాడన్నది ఆయన బాధ. ఇస్త్రీ మేనేజర్ ముందుకు వంగాడు.

"ఊరికే చేశానులెండి," అని వదిన ఫోను పెట్టేసింది.

"ఏమన్నాడు?"

"ఖాళీగానే ఉన్నారట."

"మరి అడగలేదేం?"

"అడిగితే వస్తారు సార్. అందుకని అడగలేదు."

ఆయన ఆవిడను తిట్టలేదు, అది ఆయన పద్ధతి కాదు. ఫోను తన వైపు తిప్పుకుని కాగితంలోని పన్నెండు నంబర్లకూ తానే చేశాడు. "వస్తారా రారా?" అని అడిగాడు. పన్నెండుసార్లు రామన్నారు. పన్నెండోసారికి ఆయన చొక్కా మీద మొదటి ముడత చూశాను. లేచి వెళ్లిపోయాడు.

"వదినా, ఏం చేశావు?" అన్నాను.

"నీ డ్యూటీ మారదు, వెళ్లు," అంది.

మంగళవారం పొద్దున కౌంటర్ల ముందు జనం చూడాలి! ఆరు విమానాలు రద్దు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, కంపెనీ మీద కోపమంతా కౌంటర్లో కూర్చున్న ఇరవయ్యేళ్ల పిల్ల మీద చూపిస్తున్నారు. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "సారీ సార్, సారీ సార్" అంటోంది. అప్పుడు వదిన మెట్లు దిగి వచ్చింది. పని వేళల్లో ఆవిడ ఆ గది దాటి రావడం నేను చూడడం అదే మొదలు. కౌంటరు వెనక్కి వెళ్లి, ఆ పిల్ల పక్కన నిలబడి, "నాతో మాట్లాడండి" అంది. మాట్లాడారు. ఏ భాషలో, ఏ ధాటితో మాట్లాడారో ఇక్కడ రాయను. ఒక అరగంట విన్నది. ఆ తర్వాత కౌంటరు మీది ఫోను అందుకుని పైలట్లకు ఒక్కొక్కరికీ కలిపింది.

"ఇంట్లో ఏం నడుస్తోంది?... ఖాళీయేనా? అయితే వెంటనే ఇక్కడికి రండి. నడపడానికి కాదు. జనం తిడుతున్నారు. మీ వాటా కూడా నేనే తినలేను. వచ్చి తీసుకోండి."

మనవలకు చెప్పేటప్పుడు నలభై మంది పైలట్లు వచ్చారని చెబుతుంటాను. నిజానికి వచ్చింది ఏడుగురే. టోపీల్లేవు, భుజాల మీద పట్టీల్లేవు. ఒకాయన ఒక కాలికి ఇంటి చెప్పు, ఇంకో కాలికి బయటి చెప్పు వేసుకొచ్చాడు. మీసాల కెప్టెన్ కౌంటరు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఒక పెద్దమనిషి ఆయన మీదకు వచ్చాడు.

"నువ్వెవరయ్యా మధ్యలో?"

"ఈ విమానం నడపాల్సినవాణ్ణి."

"మరి ఇక్కడ నిలబడ్డావేం? నడుపు!"

"ఆరు రోజులు వరసగా నడిపానండీ. నిన్న పొద్దున దిగేటప్పుడు నా కళ్లు మూతబడ్డాయి. పక్కవాడు తట్టి లేపాడు. ఈ రోజు ఎవరు తడతారో తెలియదు."

పెద్దమనిషి చేతిలోని పెట్టె కింద పెట్టాడు. "అది సరే. అక్కడ మా అమ్మకు ఆపరేషన్. నేను సంతకం పెట్టాలి. నా సంగతేమిటి?" అన్నాడు. కంపెనీ రైల్వే స్టేషనుకి బస్సులు పెట్టింది. కెప్టెన్ వంగి ఆ పెద్దమనిషి పెట్టె ఎత్తుకుని, ఆయన ముందు నడుస్తూ బస్సు దాకా మోశాడు. మిగతా ఆరుగురూ తలా ఒక పెట్టె అందుకున్నారు. లోడర్లు పనులాపి చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో ఒకడు, "సార్, నడుం వంచకండి, మోకాళ్లు వంచండి. మీకు అలవాటు లేదు" అని పాఠం కూడా చెప్పాడు. ఆ తల్లి ఆపరేషన్ సంగతి ఏమైందో మాకు తర్వాత తెలియలేదు. వదిన చాలాకాలం ఆ మాట అడుగుతూనే ఉండేది, మాకెలా తెలుస్తుందని కూడా అనుకోకుండా.

ఎనిమిదో రోజున కంపెనీ దిగొచ్చింది. నెలలో ఆరు సెలవుల జోలికి రాబోమని రాసిచ్చింది. కొత్త పైలట్ల కోసం ప్రకటన వేసింది. ఇస్త్రీ మేనేజర్ మాట తప్పలేదు, మొహమాటమూ పడలేదు. నాలుగు నెలల్లో రోస్టరు పని వేరే ఊరికి వెళ్లిపోయింది. అక్కడి కంప్యూటరు మొదటి వారంలోనే నన్ను ఒకే పొద్దున రెండు ఊళ్లలో డ్యూటీకి వేసింది. నేను రెండు చోట్లకూ వెళ్లానని మనవలకు చెప్పాను. వాళ్లు నమ్మలేదు, గడుసు పిండాలు.

వదినను పోయిన సామాన్ల సెక్షనుకి మార్చారు. నలుగురు అమ్మాయిల్లో ఇద్దరికి కౌంటర్లో చోటు దొరికింది. ఒకామె బడిలో చేరింది. నాలుగో ఆమెను గడియారం అనేవాళ్లం. నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చేది. ఇంట్లో సంపాదించేది ఆవిడ ఒక్కతే. ఆవిడకు ఎక్కడా చోటు దొరకలేదు. ఆఖరి రోజున వదిన టేబులు దగ్గర నిలబడి, "పన్నెండు ఫోన్లు అక్కా. పన్నెండే" అంది. వదిన "అవును" అంది. గడియారం బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, వదిన రిటైరయ్యాక, ఒక సాయంత్రం నేనూ ఆవిడా కూరగాయలు కొని వస్తున్నాం. ఎదురుగా గడియారం వస్తోంది. జుట్టు నెరిసింది, నడక మాత్రం నిమిషాల ముల్లులాగే ఉంది. మమ్మల్ని చూసి, అవతలి వైపుకు రోడ్డు దాటి వెళ్లిపోయింది.

"ఇంకా కోపమేనా? నువ్వు చేసింది తప్పేమీ కాదు కదా వదినా," అన్నాను.

"పైలట్లని అడగకపోవడం తప్పు కాదు," అంది. "మళ్లీ ఆ రోజు వచ్చినా అడగను. కానీ ఆ నలుగురూ పక్క టేబుళ్ల దగ్గరే ఉన్నారు మరిదీ. వాళ్ల ఉద్యోగాలు కూడా నేనే తేల్చేస్తున్నానని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. అరవడానికైనా అవకాశం ఇవ్వలేదు వాళ్లకి."

నేను హాస్యమాడదామని నోరు తెరిచాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. నోరు మూసుకున్నాను. ఆవిడ సంచీ నా చేతిలో పెట్టి, రోడ్డుకు అటూ ఇటూ చూసుకుని, గడియారం వెళ్లిన వైపుకు తానూ దాటింది.