చుక్కల గీతలో బావ

ఎనభై ఒకటి వర్షాకాలం. శనివారం ఉదయం ఏడున్నరకు విశాఖపట్నంలో ప్యాసింజరు ఎక్కాను. సంచిలో ఒక జత బట్టలు, పెన్సిళ్ళు, స్కేలు, ఒక బొమ్మల కథ. నేను ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. బావ పోయిన కొన్నాళ్ళకే నా మేనకోడలు పద్మకు కీళ్ళ జ్వరం వచ్చింది. మూడు వారాలకోసారి ఇంజెక్షన్ తప్పదన్నారు డాక్టరుగారు. ఆస్పత్రికి వెళ్ళిన నాన్న తిరిగి రాలేదు కనుక తాను గుమ్మం దాటనని పిల్ల మొండికేసింది. నన్ను వచ్చి నచ్చచెప్పమని నర్సీపట్నం నుంచి అక్క కార్డు రాసింది.

నచ్చచెప్పడం నాకు చేతకాదు. అందుకే ఆస్పత్రికి వెళ్ళి తిరిగొచ్చే దారంతా ఆరు బొమ్మల్లో గీశాను.

కొత్తవారికి ఒక మాట: నర్సీపట్నం రోడ్ స్టేషన్లో దిగితే ఊరొచ్చేసినట్టు కాదు. అక్కడ టీ తాగి బస్సెక్కాలి, ఇంకో గంట. బస్సులో నా పక్కన ఏటికొప్పాక ఆవిడ లక్కబొమ్మల బుట్టతో కూర్చుంది. నా కాగితాలు చూసి, "బొమ్మలు బాగున్నాయి గానీ బాబూ, ఒక్కడి మొకంలోనూ నవ్వు లేదేటి?" అంది. ఇంటి ప్లాను గీసినట్టే గీశాను మరి.

పన్నెండు దాటాక ఇల్లు చేరాను. గోడ మీద బావ ఫోటో లేదు. పిల్ల బెంగపడుతుందని అక్క ట్రంకుపెట్టెలో దాచేసింది. అదే భయంతో నేనూ బొమ్మల్లో బావను గీయలేదు. భోజనాలయ్యాక పద్మ కాగితాలన్నీ తిరగేసింది.

"మావయ్యా, ఇందులో నాన్నేడి?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను పెన్సిలు తీసి, మొదటి బొమ్మలో పద్మ పక్కన ఒక మనిషిని చుక్కల గీతతో గీశాను.

"ఇదేటి, సుక్కలు?"

"గోడ అవతల మెట్లుంటే మనకు కనబడవు. అలాగని వదిలేస్తే ప్లాను తప్పు. కనబడనివాటిని మేం ఇలా గీస్తాం."

"అయితే నాన్న మరింక కనబడడా?"

"కనబడడమ్మా."

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది. "కళ్ళజోడేదిరా? అది లేకపోతే మీ బావకి ఎదురుగా వచ్చే బస్సే కనబడదు!" అని నవ్వబోయి ఏడ్చేసింది. పద్మ ముందు ఆమె ఏడవడం అదే మొదలు. పద్మ నా చేతిలో పెన్సిలు లాక్కుని కళ్ళజోడు పెట్టింది, అదీ చుక్కలతోనే. మిగతా ఐదు బొమ్మల్లోనూ నాన్నను గీయించింది.

సోమవారం పద్మ ఆ కాగితాలు పట్టుకుని గుమ్మం దాటింది; ముగ్గురం ఆస్పత్రికి వెళ్ళాం. సూది దిగినప్పుడు పద్మ వీధికి వినబడేలా ఏడ్చింది గానీ కదల్లేదు. ఇంటికొచ్చాక ఆఖరి బొమ్మ మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడికొచ్చేశాం" అంది.

ఊరి పక్కనే ఉన్న బలిఘట్టం గుడికైనా వెళ్ళలేదు. ఈ ప్రయాణంలో నేను చూసిన నర్సీపట్నం ఆ ఇల్లూ, ఆస్పత్రీ, మధ్య దారీ. సాయంత్రం తిరుగు బస్సులో, పద్మ నా జేబులో పెట్టిన కాగితం విప్పాను. కిటికీ దగ్గర నేను. పక్కసీటులో కళ్ళజోడు పెట్టుకున్న చుక్కల మనిషి, నవ్వుతున్నాడు.

"ఖాళీయేనా బాబూ? బేగి జరుగు" అన్నాడొక పెద్దాయన, మూట దించుకుంటూ.

ఇద్దరికి సరిపడా జరిగాను.