గేటక్క తొయ్యని తలుపు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, ఇప్పుడందరికీ ఆమె గేటక్కే. కేసుల్లో, జైళ్ళలో చిక్కుకున్న ఆడవాళ్ళకు అండగా నిలిచే సంఘం ఒకటి దేశమంతటా ఉంది. ఈ ఊళ్ళో ఆ సంఘం తరఫున, విడుదలయ్యే మనిషి కోసం జైలు గేటు బయట నిలబడడం ఆమె పని. ఎండైనా వానైనా చేతిలో ఒక జత చెప్పులు, నీళ్ళ సీసా ఉంటాయి. చుట్టాలెవరూ రాని మనిషికి కూడా తన కోసం ఎవరో వచ్చారనిపించాలి కదా.

ఆమె కూడా ఆ గేటులోంచి వచ్చినదే. మాటా మాటా పెరిగి బావగారిని ఒక్క తోపు తోసింది. ఆయన మెట్లమీద నుంచి పడి మళ్ళీ లేవలేదు. అది చూసింది పదేళ్ళ కూతురు ఒక్కతే. చూసింది చూసినట్టు కోర్టులో చెప్పింది కూడా. శిక్ష ఎప్పుడో ముగిసింది. అయినా ఎక్కడైనా తాళాల గుత్తి గలగలమంటే చాలు, గేటక్క తింటున్న పళ్ళెం వదిలేసి గోడకు ఆనుకుని నిలబడుతుంది. తర్వాత తనే నవ్వేస్తుంది. ఆ నవ్వు చూస్తే మనకు గుండె కలుక్కుమంటుంది.

ఆ రోజు విడుదలైంది ఒక చిన్నది, జైల్లో కుట్టుపని నేర్చిన పిల్ల. సంఘం వసతిగృహానికి తీసుకొచ్చి స్నానం చెయ్యమంటే, స్నానాలగది తలుపు ముందు చేతులు కట్టుకుని అలాగే నిలబడిపోయింది. గేటక్కకిది కొత్త కాదు. జైల్లో తలుపు ముట్టుకోకూడదు. తెరిచేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళొచ్చేదాకా ఆగాలి. బయటికొచ్చాక కూడా అందరూ చేసే పొరపాటే అది.

"తొయ్యమ్మా, అదే తెరుచుకుంటుంది. ఇక్కడ నువ్వే తొయ్యాలి," అంది.

నీకెన్నాళ్ళకు అలవాటైందక్కా అని చిన్నది అడిగితే, రెండు రోజులకేనని గొప్పలు పోయింది. వట్టి కోతలు. తన గదికున్న తలుపు పీకించేసి గుడ్డ కట్టించుకున్న మనిషి ఆవిడ! గాలి కోసమట.

సాయంత్రం గేటక్క కూతురి ఇంటికి బయల్దేరింది. నెలకోసారి వెళుతుంది. వస్తున్నానని ముందుగా ఫోన్లో కబురు పెడితే, సరే అని ఒక్క మాట తిరిగొస్తుంది. వెళ్ళి మూసిన తలుపు ముందు నిలబడుతుంది. తట్టదు, పిలవదు. లోపల అడుగుల చప్పుడు వినిపించి ఆగిపోతుంది. కాసేపటికి పళ్ళ సంచీ కిటికీ దగ్గర పెట్టి వచ్చేస్తుంది. బావగారు పడిన చప్పుడు ఆ పిల్ల చెవుల్లో ఇంకా ఉందని, అందుకే తెరవదని ఆమె నమ్మకం. అయినా ఈసారి తెరుస్తుందేమోనని ప్రాణం పీకుతూనే ఉంటుంది. తను పోయేలోగా కూతురు ఒక్కసారి అమ్మా అంటే చాలు ఆమెకు.

ఒంటరిగా ఉండాలంటే భయమని చిన్నది వెంటపడింది. ఇద్దరూ వెళ్ళి తలుపు ముందు నిలబడ్డారు. గేటక్క చేతులు కట్టుకుంది. లోపల అడుగులు వినిపించి ఆగిపోయాయి. చిన్నది తలుపు వంక, ఆమె వంక మార్చి మార్చి చూసింది. పొద్దున నేర్చిన పాఠం గుర్తొచ్చిందో ఏమో, అరచెయ్యి ఆనించి తోసింది.

గడియ లేదు. తలుపు తెరుచుకుంది.

ఎదురుగా గోడకు ఆనుకుని కూతురు నిలబడి ఉంది.

"నువ్వు వస్తానన్న రోజల్లా గడియ తీసే పెడతానమ్మా," అంది. "గడప దాకా వచ్చి వెళ్ళిపోతుంటే, నా మొహం చూడ్డం ఇష్టం లేదనుకున్నా. కోర్టులో చెప్పింది నేనేగా."

తొయ్యమని జైలు నుంచి వచ్చిన వాళ్ళందరికీ చెప్పిన మాట గేటక్క తన చేతికి మాత్రం చెప్పుకోలేకపోయింది. ఆ చేతినే చూసుకుంటూ భోరుమంది. కూతురు ఆ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఇరుగుపొరుగు చూస్తున్నారని తలుపు దగ్గరకు వెయ్యబోయింది.

గేటక్క చప్పున లేచి గోడకు ఆనుకుంది.

"వెయ్యకమ్మా," అంది.

కూతురు తలుపు బార్లా తీసి, అది మూసుకోకుండా కుర్చీ అడ్డం వేసుకుని కూర్చుంది.