కాశమ్మ మందలో కఠిన పదాలు

వికారాబాద్ జిల్లా మొత్తంలో ఇంగ్లిషు వచ్చిన గొర్రెలు మర్పల్లి కాశమ్మ మందలో తప్ప ఇంకెక్కడా లేవు. వచ్చు అంటే మాట్లాడతాయని కాదు లెండి. పేరు పెట్టి పిలిస్తే తలెత్తి చూస్తాయి. అది కూడా అన్నీ కాదు, ఓ ఇరవై. మిగతావి తెలుగు మీడియం.

కాశమ్మ బడి గడప తొక్కలేదు. కానీ అరవై మూడు గొర్రెల్లో దేని తల్లి ఏదో, ఏది ఎప్పుడు ఈనిందో కాగితం ముక్క లేకుండా చెబుతుంది. కూతురు అంబిక బీఈడీ దాకా చదివింది. చదివి ఏం లాభం? టీచరు కొలువుకని రెండు ప్రైవేటు బళ్లకు వెళ్తే, రెండుచోట్లా కఠినమైన ఇంగ్లిషు మాటలకు అర్థం చెప్పి వాక్యంలో పెట్టమన్నారు. రెండుచోట్లా నోరు పెగల్లేదు. ఇక మిగిలింది తాండూరులో ఒక్క బడి. అదీ పోతే మళ్లీ జూన్ వచ్చేదాకా ఇంట్లోనే.

పొద్దున బట్టీ పట్టింది సాయంత్రానికి మాయమవుతోందని అంబిక నోటుబుక్కు విసిరికొట్టిన రోజున కాశమ్మ అడిగింది.

“ఏమాయె బిడ్డా, పుస్తకం గిట్ల కరిసిందా?”

“మాటలు యాదికుంటలేవమ్మా. మస్తు పరేషానైతున్న.”

“నాకు అరవై మూడు గొర్లు యాదికున్నయి, నీకు ఇరవై మాటలు ఉండవా? గా పేర్లు నా గొర్లకు పెట్టు.”

గొర్రెల కాపర్ల ఇళ్లలో గొర్రెకు పేరు ఊరికే రాదు, గుణం చూసి పెడతారు. అంబిక అర్థం చెప్పేది, కాశమ్మ ఆ గుణమున్న గొర్రెను చూపించేది. మేతలోంచి తలెత్తనిది వొరేషియస్. పొద్దస్తమానం అరిచేది గ్యారులస్. నీడ కనబడితే కూలబడేది లెథార్జిక్. ఎటు తోలితే దానికి ఎదురు నడిచే పొట్టేలు రికల్సిట్రెంట్. అవి ఆ రోజు చేసిన ఘనకార్యమే సాయంత్రం అంబిక రాసుకునే ఉదాహరణ వాక్యం.

ఒకనాడు వొరేషియస్ పక్కింటి సుమిత్రమ్మ ఎండబోసిన కందిపప్పు సగం ఊడ్చేసింది. ఆమె చేట పట్టుకుని వచ్చేసరికి అంబిక రాస్తూనే ఉంది.

“నా పప్పు వాయె, నీకు వాక్యమాయెనా! జర నా పేరు గూడ రాయరాదు?”

“రాసిన పెద్దమ్మా, రెండో లైన్ల నువ్వే ఉన్నవ్.”

చూపించేదాకా సుమిత్రమ్మ కదల్లేదు. చూశాక తిట్టడం మరిచిపోయింది.

ఇంటర్వ్యూ వారం ఉందనగా ఉన్ని కత్తిరించేవాళ్లు వచ్చారు. మర్నాడు అంబిక మంద చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి! ఆమె గుర్తులన్నీ ఉన్ని మీదే మరి. ఉన్నితో పాటు మాటలూ రాలిపోయాయి. లెథార్జిక్ అనుకుని చెయ్యి వేస్తే, అది ఎగిరి కంచె దూకింది.

కాశమ్మ పడీ పడీ నవ్వింది. “బట్టలు జూసి మనిషిని గుర్తువడ్తవా? నడక జూడు. ఏది ఏం జేస్తదో జూడు. పా నా ఎంబడి.”

ఆ వారమంతా అంబిక మంద వెనకే తిరిగింది. నోటుబుక్కు ఇంట్లోనే ఉండిపోయింది.

తాండూరు బడిలో హెడ్‌మిస్ట్రెస్ రెబెక్క గారు అడుగుతుంటే, కాశమ్మ వరండాలో కిటికీ కింద కూర్చుంది. లోపలి మాటలు ఆమెకు తెలియవు. తెలిసిందల్లా ఒకటే, కూతురి గొంతు వినబడటం లేదు. మొదటి రెండు మాటలూ మందలో లేనివి. మూడోసారి రెబెక్క గారు అన్నారు, “రికల్సిట్రెంట్?”

ఆ పేరు చెవిన పడగానే కాశమ్మ చటుక్కున లేచింది.

“మల్లెటు వాయెరా ఇది! హెయ్, ఇటు మర్లు!”

ఆ కేకకు ఆఫీసు గది అదిరింది. అంబికకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతో పాటే పొట్టేలూ వచ్చింది. ఎవరి మాటా వినని మొండిది అని అర్థం చెప్పి, “మా రికల్సిట్రెంట్ పొట్టేలు నిన్న వికారాబాద్ బస్సుకు అడ్డం నిలబడింది, కండక్టరు దిగి దండం పెట్టినా కదల్లేదు” అని గడగడా ఇంగ్లిషులో వాక్యం చెప్పింది. రెబెక్క గారు నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకుంటూ ఇంకోటి చెప్పమన్నారు. అంబిక మందనంతా ఆ గదిలోకి తోలింది. కొలువు అక్కడికక్కడే ఖాయమైంది.

ఈ కథంతా చదివి వినిపిస్తే కాశమ్మ ముక్కున వేలేసుకుంది.

“అన్ని అబద్ధాలే! నేను తాండూరు వోనే పోలే. ఏ పొట్టేలూ బస్సు ఆపలే. అసలు నాకు గొర్లే లేవు, ఉన్నయన్ని మేకలే. గిది రాసినాయనను జర డాక్టరుకు చూపియ్యుండ్రి.”