అత్తగారి గుండిగలో ఉడికిన ఉచ్చులు

నక్కలకి వేసే కొత్త ఉచ్చుల విషయంలో మెదెరిక్ పట్టింపు సరస్సు చుట్టుపక్కల అందరికీ తెలుసు. తెలియనివాళ్లకి తనే చెప్పేవాడు. కొట్టు నుంచి తెచ్చిన తీగకి ఫ్యాక్టరీ నూనె అంటుకుని ఉంటుంది, పైగా తళతళ మెరుస్తుంది. దాన్ని అలాగే పట్టుకెళ్లి కడితే నక్కలు పగలబడి నవ్వుతాయన్నది అతని వాదన. ముందు వంటసోడా నీళ్లలో ఉడికించి ఆ నూనె వదిలించాలి. తర్వాత స్ప్రూస్ చెట్టు బెరడు కషాయంలో మరిగిస్తే తీగ నల్లబడి చెట్టు వాసన పట్టుకుంటుంది. ఆపైన చేత్తో ముట్టుకోకూడదు. చర్చి మెట్ల మీద, పెట్రోలు బంకు దగ్గర, ఒకసారి చావింట్లో కూడా ఈ ఉపన్యాసం ఇచ్చాడు. "మనిషి చేతివాసన తగిలిందా, ఇక అయిపోయినట్టే" అని ముగించేవాడు. ఊళ్లో అతనికున్న గౌరవమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. అది అతనికీ తెలుసు.

ఆ డిసెంబరులో ఉచ్చులు ఉడికించే డ్రమ్ముకి అడుగు ఊడింది. ఇంట్లో అంత పెద్ద పాత్ర మరొకటే ఉంది: అత్తగారు ఫిలొమేన్ గుండిగ. కొత్త సంవత్సరం రోజున ఊరంతా ఇల్లిల్లూ తిరిగి, బుగ్గలు ముద్దాడుకుని, మాంసం ఉండల పులుసు తాగుతుంది. ఫిలొమేన్ పులుసు కాచేది అందులోనే. మిగతా ఏడాదంతా అది వెనక గదిలో దుప్పటి కప్పుకుని నిద్రపోతుంది. దాని జోలికి ఆవిడ కూతురు ఒనొరీన్ కూడా వెళ్లదు.

తల్లీకూతుళ్లు బింగో ఆటకి వెళ్లిన సాయంత్రం మెదెరిక్ దాని జోలికి వెళ్లాడు. తతంగంలో ఏ లోటూ చెయ్యలేదు. ఉచ్చుల్ని చెక్క కొక్కెంతో పైకి తీసి బయట కొమ్మకి వేలాడదీశాడు. గుండిగని పొయ్యి బూడిదతో చేతులు పడిపోయేలా తోమి, దుప్పటి మడత కూడా చెదరకుండా మళ్లీ కప్పాడు. మనిషికి వాసన ఉన్నట్టే గుండిగకీ ఉంటుందన్న ఆలోచన అతనికి రాలేదు.

ఉచ్చులు సరస్సు అవతల కట్టి, మర్నాడు చూడబోయాడు. మొదటి ఉచ్చులో అత్తగారి కుక్క ఉంది. గొలుసుకి అలవాటుపడ్డ జీవం కాబట్టి గింజుకోకుండా కూర్చుని, తీగ కొసని శ్రద్ధగా నాకుతోంది. రెండోదాంట్లో పక్కింటి జకారీ కుక్క. మూడోదాంట్లో ఫాదరుగారి కుక్క. అది మాత్రం కాస్త మొహం తిప్పుకుంది. మెదెరిక్ వంగి తీగ వాసన చూశాడు. ఉల్లిపాయ, మిరియం, దుప్పి కొవ్వు. స్ప్రూస్ కూడా ఉంది, ఎక్కడో అడుగున.

ఇంటికి వెళ్లాలంటే ఊరి ముందు నుంచే దారి. కుక్కల్ని మంచుబండి వెనక కట్టిన చెక్కబండిలో ఎక్కించి గుడ్డ కప్పాడు. మూడూ గుడ్డలోంచి తలలు బయటపెట్టాయి. గడ్డకట్టిన సరస్సుకి కన్నం కొట్టి నీళ్లు తోడుతున్న జకారీ చెయ్యెత్తి బండి ఆపాడు.

"ఏం బావా, ఈ ఏడు నక్కలు బాగా ఒళ్లు చేశాయే."

తప్పిపోయి తిరుగుతుంటే తీసుకొచ్చానన్నాడు మెదెరిక్. జకారీ నమ్మి, తన కుక్కని అందుకుని, రెండుసార్లు థాంక్సు కూడా చెప్పాడు. ఫిలొమేన్ మాత్రం తన కుక్క మెడ దగ్గర ముక్కు పెట్టి చూసి, నేరుగా వెనక గదిలోకి వెళ్లింది. ఆ తర్వాత వారం రోజులు మెదెరిక్ ఆ గది వైపు పోలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఇల్లు నిండింది. జకారీ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఈసారి ఏం వేశావత్తా? అడవి వాసనొస్తోంది."

అందరూ గిన్నెల్లోకి చూశారు. మెదెరిక్ చెంచా కింద పెట్టాడు. ఫిలొమేన్ తాపీగా వచ్చి అల్లుడి గిన్నెలో ఇంకో గరిటె పోసింది.

"నేనేం వెయ్యలేదురా. అది మా అల్లుడి చేతివాసన."

జకారీకి అర్థం కాలేదు గానీ, బాగుందని మళ్లీ పోయించుకున్నాడు. ఒనొరీన్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. బల్ల కింద అత్తగారి కుక్క మెదెరిక్ మోకాలి మీద గడ్డం ఆనించి అతని వేళ్లు నాకడం మొదలుపెట్టింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ వారం పెట్రోలు బంకు దగ్గర మెదెరిక్ చలి గురించి మాత్రమే మాట్లాడాడు.